అనంతపురం శాకాహార హోటళ్ళ యజమానులకు: ముద్దకు మీ దగ్గర చోటివ్వండి

అనంతపురంలో శాకాహార హోటళ్ళు నడుపుతున్న యజమానులకు, వంట మాస్టర్లకు, గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాళ్ళకు నమస్కారం.

అడగవలసింది ముందే అడుగుతాను. మధ్యాహ్నం భోజనంలో తెల్లన్నానికి బదులు రాగి ముద్ద గానీ, జొన్న రొట్టె గానీ, కొర్రన్నం గానీ కావాలన్నవాళ్ళకు వడ్డించండి. పక్కన ఆకుకూరలు ఎనిపి చేసే పుల్లగూరో, చెనిక్కాయ (వేరుశనగ) విత్తనాలు దంచి చేసే ఊరుబిండో పెట్టండి. ఈ మూడింటిలో రోజుకు ఒక్కటి చేసినా చాలు. మీ మెనూలో ఇప్పుడున్న దేన్నీ తీసేయమని నేను అడగడం లేదు.

మీ హోటళ్ళంటే నాకు గౌరవం. బెంగళూరు, హైదరాబాదు పోయి వచ్చినప్పుడల్లా ఆ గౌరవం ఇంకా పెరుగుతుంది. బస్టాండు దగ్గర తెల్లవారుజామునే పొయ్యి వెలిగించి, రాత్రి బస్సు దిగినవాళ్ళకు వేడి ఇడ్లీ పెట్టేది మీరే. పల్లెల నుంచి కోర్టు పనికి, కలెక్టరాఫీసు పనికి, ఆసుపత్రికి వచ్చినవాళ్ళు కాసేపు ఫ్యాను కింద కూర్చునేది మీ బల్లల దగ్గరే. మీరు చేసే చెనిక్కాయ చట్నీ చిక్కదనం ఇంకో ఊర్లో దొరకదు. కొబ్బరి చట్నీ మాత్రమే పెట్టే ఊర్లకు పోతే రెండో రోజుకే మన చట్నీ గుర్తొస్తుంది. ఇంత మంచిగా వండగలిగినవాళ్ళు మన నేల తిండిని మాత్రం ఎందుకు దూరం పెట్టినారన్నదే నా బాధ.

ఈ మధ్య మా పెద్దమ్మను స్కానింగుకు సాయినగర్ తీసుకొచ్చినాను. ఆమె మెడలో తులసిమాల వేసుకుని మాంసం మానేసి చాలా ఏండ్లయింది. పరీక్ష కోసం పొద్దున్నుంచి ఏమీ తినలేదు. స్కానింగు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. దగ్గర్లో ఉన్న ఒక శాకాహార హోటల్లో కూర్చున్నాం. ఆమె సప్లయర్‌ను అడిగిన మొదటి మాట, "ఏమప్పా, ముద్ద ఉండాదా?" ఆ పిల్లోడు మర్యాదగానే చెప్పినాడు, "ముద్ద ఈడ దొరకదవ్వా. కావల్లంటే పక్క సందులో నాన్‌వెజ్ హోటల్ ఉండాది, ఆడ చేస్తారు."

ఆమె నా మొహం చూసింది. జీవితమంతా ముద్ద తిన్న మనిషి, మాంసం వాసన పడని మనిషి. ఆమె తిండి మాంసం హోటల్లో ఉంది, ఆమె కూర్చోగలిగిన హోటల్లో ఆమె తిండి లేదు. నాలుగు మెతుకులు పెరుగులో కలుపుకుని లేచింది. ఆ పిల్లోడి తప్పు ఇందులో ఏమీ లేదు. ఆ హోటల్ ఒక్కదాన్నీ తప్పుపట్టను. ఊరంతటా ఇదే వరస.

ముద్ద, సంగటి అనగానే ఇప్పుడు అందరికీ నాటుకోడి పులుసు గుర్తొస్తుంది. హైదరాబాదులో, బెంగళూరులో రాయలసీమ పేరు బోర్డుల మీద కనిపిస్తే దాని కింద ఉండేది మాంసమే. మన పిల్లలు కూడా అదే నిజమనుకుంటున్నారు. కానీ మన పల్లె ఇంటి పొయ్యి సంగతి మీకు తెలియనిది కాదు. మీలో చాలామంది ఆ పొయ్యి దగ్గర పెరిగినవాళ్ళే. మాంసం పండక్కు, జాతరకు, అల్లుడొచ్చినప్పుడు. మిగతా రోజులన్నీ ముద్ద పక్కన ఉండేది పుల్లగూర, ఊరుబిండి, పప్పు, ఉప్పుచారు, మజ్జిగ. అది కూడా లేని ఇంట్లో పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ. వ్రతం పట్టి మాంసం మానేసినవాళ్ళ సంగతి పక్కనపెట్టినా, మాంసం తినే కులాల ఇళ్ళలోనూ ఏడాదిలో ఎక్కువ పూటలు గడిచింది శాకాహారంతోనే. ముద్దకు, రొట్టెకు, కొర్రన్నానికి సొంత ఇల్లు అంటూ ఉంటే అది శాకాహార హోటలే కావాలి. అట్లాంటిది ముద్ద మాంసం వండే మిలిటరీ హోటళ్ళకు పోయింది, జొన్న రొట్టె దాబాలకు పోయింది, కొర్రలు ఆరోగ్యం పేరుతో ప్యాకెట్లలోకి పోయినాయి. మీ చేతికి దక్కవలసిన మూడు వంటలూ మీ చేతి నుంచి జారిపోయినాయి.

ఎట్లా జారిపోయినాయో కొంతవరకు నాకు అర్థమవుతుంది. మన ఊర్లలో శాకాహార హోటల్ అనే దానికి అచ్చు పోసింది ఉడుపి నుంచి వచ్చిన వంటవాళ్ళు. మద్రాసులో 1938లో మొదలైన ఉడ్‌ల్యాండ్స్ లాంటి హోటళ్ళు ఆ అచ్చును దక్షిణ దేశమంతటా పరిచినాయి. ఇడ్లీ, దోశ, వడ, సాంబారు, కాఫీ, మధ్యాహ్నం అన్నంతో మీల్స్. శుభ్రతకు, వేగానికి, ఒకే రుచి నిలకడగా ఇవ్వడానికి వాళ్ళు పెట్టిన ఒరవడి గొప్పది. ఆ మేలు మనం మరచిపోకూడదు. మన పల్లెల్లో అప్పట్లో ఇడ్లీ, దోశ పండగ వంటలు. ఉగాదికో, దీపావళికో చేస్తే పిల్లలు ముందురోజు నుంచే ఎదురుచూసేవాళ్ళు. హోటలు ఆ పండగ వంటను రోజూ దొరికేటట్టు చేసింది. దాంతో రోజూ తినే తిండి ఇంటికే పరిమితమై, హోటల్లో అడగడానికే మొహమాటపడే తిండి అయిపోయింది.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి రాస్తే ఈ ఉత్తరానికి అర్థం లేదు. ముద్ద కూలోళ్ళ తిండి అన్న చిన్నచూపు మన మనసుల్లో ఉంది. అన్నం తినడం అంటే ఒక మెట్టు పైకెక్కడం. చుట్టం వస్తే ముద్ద పెట్టడానికి సిగ్గుపడి అప్పు చేసైనా బియ్యం తెచ్చిన ఇళ్ళు నాకు తెలుసు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఎన్నో కడుపులు నిండినాయి, ఆ పథకాన్ని నేను ఒక్క మాట అనను. ఆకలి తెలిసినవాళ్ళెవరూ అనలేరు. కానీ బియ్యంతో పాటు, బియ్యం తినేవాడే పెద్దవాడన్న భావన కూడా గట్టిపడింది. మీ ఏసీ గదిలో ముద్ద కనిపించకపోవడానికి వ్యాపార లెక్క ఎంత కారణమో ఈ భావన కూడా అంతే కారణమని నా నమ్మకం. దాన్ని మార్చగలిగే బలం మీ చేతుల్లో ఉంది. నలుగురూ మంచి బట్టలేసుకుని, పెండ్లిచూపులయిన తర్వాతో, జీతమొచ్చిన రోజో పోయి కూర్చునే చోటు మీది. అక్కడ స్టీలు పళ్ళెంలో, అరిటాకు మీద ముద్ద వచ్చి కూర్చుంటే, దాని మర్యాద దానికి తిరిగొస్తుంది. ఏ సభలో ఎన్ని ఉపన్యాసాలిచ్చినా అంత పని జరగదు.

"జనం అడిగేది గోబీ మంచూరియా, పనీర్ బటర్ మసాలా, మేము ఏం చేయాల?" అని మీరు అంటారు. న్యాయమైన మాటే. వాటిని అమ్మండి. బయటి తిండి మీద నాకు కోపం లేదు. మంచూరియా 1970లలో ముంబైలో పుట్టింది, మనం తలమీద పెట్టుకునే చెనిక్కాయ కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే, మిరపకాయా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. వచ్చినవాటిని కలుపుకుని బతకడమే మన వంట గుణం. మంచూరియా గురించి ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. మన పక్కనే ఉన్న కర్ణాటకలో 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని ప్రభుత్వం నిషేధించింది. అక్కడ పరీక్షించిన నమూనాల్లో హాని చేసే కృత్రిమ రంగులు బయటపడినాయి. మన పుల్లగూరకు రంగు వేయాల్సిన పని ఏనాడూ పడలేదు.

అడిగేవాళ్ళు లేరన్న మాటకు ఇంకో జవాబుంది. పట్టికలో లేనిదాన్ని ఎవరు అడుగుతారు? ఉగ్గాని సంగతి చూడండి. బొరుగులు తడిపి, నీళ్ళు పిండేసి, తిరగమోత పెట్టి, పుట్నాల పొడి, నిమ్మకాయ కలిపి, పక్కన మిరపకాయ బజ్జీ పెడితే డాక్టరూ తింటాడు, ఆటో నడిపేవాడూ తింటాడు. పొద్దున్నే టిఫిన్ల దగ్గర ఉగ్గాని ఎంత తొందరగా అయిపోతుందో మీకే బాగా తెలుసు. దాన్ని చూసి ఎవరూ మొహం తిప్పుకోరు. ఉగ్గానికి దక్కిన ఆ చోటు మధ్యాహ్నం ముద్దకు ఎందుకు దక్కకూడదు?

కొత్త ధాన్యం పెడితే హోటలు పరువు పోతుందన్న భయముంటే, మీ పెద్దల చరిత్రలోనే దానికి ధైర్యముంది. బెంగళూరులో 1924లో మొదలైన ఎం.టి.ఆర్. హోటలువాళ్ళు రవ్వ ఇడ్లీ తమ వంటింట్లోనే పుట్టిందని చెప్పుకుంటారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బియ్యం దొరక్క గోధుమ రవ్వతో ఇడ్లీ చేసి చూసినారట. ఈరోజు రవ్వ ఇడ్లీ తెలియని శాకాహార హోటలు లేదు. ధాన్యం మార్చి కొత్త వంట నిలబెట్టడం మీ వృత్తికి కొత్త కాదు. మీరు చేయవలసింది అంతకంటే సులువు, ఎందుకంటే ఈ వంటలు మీరు కనిపెట్టే పని లేదు. మీ వంటింట్లో గిన్నెలు తోమే అమ్మకు కూడా ఇవి వచ్చు.

ఇంకా దగ్గర ఉదాహరణ కావాలంటే బళ్ళారి వైపు పోండి, మనకు సుమారు వంద కిలోమీటర్లు. ఉత్తర కర్ణాటకలో ఖానావళులని ఉంటాయి. లింగాయతులు నడిపే ఖానావళుల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి గానీ మాంసం ఊసే ఉండదు. అక్కడ భోజనమంటే మొదట వచ్చేది జొన్న రొట్టె. పక్కన గుత్తి వంకాయ, మొలకెత్తిన పెసల పల్యం, చెనిక్కాయ పొడి, పచ్చి ఉల్లిగడ్డ, గడ్డ పెరుగు. అన్నం ఆఖర్లో కొంచెం. హుబ్బళ్ళి నుంచి బెంగళూరు దాకా ఆ ఖానావళులు జనంతో నిండి ఉంటాయి. మన రొట్టె, మన వంకాయ, మన చెనిక్కాయ పొడి. సరిహద్దు దాటితే అది నిక్కమైన శాకాహార హోటలు. సరిహద్దు ఇటువైపు అదే రొట్టె దాబాకో, సాయంత్రం పూట వీధి పొయ్యి దగ్గరికో పోతే తప్ప దొరకదు.

ఇప్పుడు వంటింటి కష్టాల దగ్గరికి వస్తాను. మీలో ఒకరిద్దరితో మాట్లాడితే తెలిసింది, అసలు అడ్డం అక్కడే ఉందని.

ముద్ద నిలవ ఉండదు అంటారు. నిజమే, చేసి గంటలు గంటలు పెడితే పైన పొర కట్టి గట్టిపడుతుంది. కానీ దోశ కూడా నిలవ ఉండదు కదా, వేడిగానే వేస్తారు. బియ్యపు నూక ముందే మెత్తగా ఉడికించి పెట్టుకుంటే, దాంట్లో రాగి పిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, తెడ్డుతో కెలికి దించడానికి ఎక్కువ సేపు పట్టదు. పన్నెండున్నరకు ఒక వాయి, ఒకటిన్నరకు ఇంకో వాయి కెలికితే భోజనాల వేళ దాటిపోతుంది. దించిన వెంటనే చేతికి నెయ్యో నీళ్ళో తడి చేసుకుని ముద్దలు కట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో తడిబట్ట కప్పి పెడితే ఆ గంటా మెత్తగానే ఉంటాయి. అన్నమైతే ఎక్కువ చేసి పెట్టుకోవచ్చు, ముద్దకు ఆ వీలు లేదు, ఒప్పుకుంటాను. అందుకే ఎన్ని ముద్దలో లెక్క పెట్టుకుని చేయండి, అయిపోతే అయిపోయిందని బోర్డు తిప్పండి. త్వరగా అయిపోయే వంటకు మర్నాడు జనం ముందే వస్తారు.

కెలకడానికి బలం కావాలి, అదొక పని. పెద్ద గిన్నెలో ముద్ద కెలికే మాస్టరుకు భుజాలు నొప్పులు పడతాయి. ఒకే మనిషి మీద ఆ పని వేయకండి, ఇద్దరికి పంచండి, దానికి తగ్గ కూలి ఇవ్వండి.

రొట్టె సంగతి వేరు. జొన్న రొట్టె తట్టడం చేతి విద్య. వేడినీళ్ళతో పిండి కలిపి, చేత్తో తట్టుతూ తిప్పుతూ పల్చగా చేయడం ఇడ్లీ మాస్టరుకు ఒక్క నెలలో రాదు. కానీ మీ హోటల్ నుంచి నాలుగు వీధులు దాటితే సాయంత్రం పూట కట్టెల పొయ్యి పెట్టుకుని రొట్టెలు తట్టి అమ్మే ఆడవాళ్ళు ఉన్నారు. ఒక్కొక్కరు గంటలో ఎన్ని తడతారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆ పనితోనే పిల్లల్ని చదివించినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు మధ్యాహ్నం పూట ఖాయమైన బేరం మీరు ఇవ్వండి. రోజుకు ఇన్ని రొట్టెలు, ఇంత ధర అని మాట్లాడుకుంటే మీకు పొయ్యి బాధ తప్పుతుంది, వాళ్ళకు సాయంత్రం దాకా ఎదురుచూసే బాధ తప్పుతుంది. లేదా ఒకరిని మీ వంటింట్లోకే తెచ్చుకోండి, జీతం మాస్టరుకిచ్చినట్టే ఇవ్వండి. రొట్టెలమ్మకు సహాయకురాలి జీతం ఇస్తే అది తప్పు, ఎందుకంటే ఆ విద్య మీ మాస్టరుకు లేదు.

కొర్రన్నం అన్నిటికంటే సులువు. ముందు నానబెట్టి, ఒకటికి రెండున్నర నీళ్ళు పోసి వండితే పొడిపొడిగా వస్తుంది, మామూలు అన్నంలాగే డబ్బాలో వేడిగా నిలుస్తుంది. పప్పుతో బాగుంటుంది, పెరుగుతో ఇంకా బాగుంటుంది. మొదలుపెట్టడానికి భయముంటే కొర్రలతోనే మొదలుపెట్టండి.

పక్క వంటల గురించి మీకు చెప్పాల్సిన అవసరం లేదు గానీ, ఇష్టం కొద్దీ రెండు మాటలు రాస్తాను. పుల్లగూరలో తోటకూర, చుక్కకూర, వంకాయ, పచ్చిమిర్చి, టమాటా, ఉల్లిగడ్డ ఉడికించి పప్పుగుత్తితో ఎనిపి తిరగమోత పెడితే సరి. మిక్సీ వేస్తే ఆ రుచి రాదు, గుత్తితోనే ఎనపాల. ఊరుబిండి కూడా అంతే, వేయించిన చెనిక్కాయ విత్తనాలు, మిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి పలుకులు పలుకులుగా ఉండేటట్టు దంచాల. పంటికి పలుకు తగలకపోతే అది చట్నీ అవుతుంది. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు, గింజలు నానబెట్టి పొట్టు పితికి చేసే పితికిపప్పు కూర ఒక్క వారమైనా పెట్టండి. పొట్టు పితకడం ఓపిక పని, ధర ఎక్కువ వేసుకోండి, తినేవాళ్ళు తింటారు. ఎండాకాలంలో బుడంకాయ పచ్చడి, చింతచిగురు పప్పు. ఏడాది పొడవునా ఒకే కూరగాయలతో, ఒకే సాంబారుతో నడిచే భోజనానికి ఋతువులు తిరిగొస్తాయి.

కూల్‌డ్రింకు సీసాల పక్కన చీనీ (బత్తాయి) రసానికి చోటివ్వండి. చీనీ తోటలకు పేరుపడ్డ జిల్లా మనది. మన హోటళ్ళలో భోజనం చేసి లేచిన మనిషికి చీనీ రసం దొరకకపోవడం ఏం న్యాయం?

ఇదంతా రుచి కోసమే రాయడం లేదు. మన జిల్లా వాన సంగతి మీకు తెలుసు, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది, అది కూడా నమ్మకంగా పడదు. ఈ నేలకు ఓర్చుకుని 80, 90 రోజుల్లో చేతికొచ్చే పంట కొర్ర. మా ఊరు కళ్యాణదుర్గం వైపు. అక్కడ మా తాతల కాలంలో కొర్రలు, సజ్జలు, జొన్నలు వేసిన చేలల్లో తర్వాత చెనిక్కాయ ఒక్కటే నిండింది. వాన తప్పిన ఏడు ఆ ఒక్క పంటా పోయి, రైతు చేతికి తిండి గింజ కూడా మిగల్లేదు. మళ్ళీ చిరుధాన్యాలు వేయమని అందరూ రైతుకే చెప్తారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, ఆ ఏడాది మన ఊర్లో కూడా ర్యాలీలు జరిగినాయి, స్టాళ్ళు పెట్టినారు. రైతు వేసినాక కొనేదెవరు? కేంద్రం ఏటా ప్రకటించే కనీస మద్దతు ధరల జాబితాలో రాగి, జొన్న, సజ్జ ఉన్నాయి. 2025-26కు రాగి క్వింటాలుకు 4,886 రూపాయలు. కొర్రకు ఆ జాబితాలో చోటే లేదు. కొర్ర వేసిన రైతు వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చి రావలసిందే. అట్లాంటి రైతుకు, ప్రతి నెలా ఇన్ని బస్తాలు తీసుకుంటామని చెప్పే పది హోటళ్ళు మద్దతు ధరతో సమానం. జాబితాలు మారేవరకు ఆగక్కరలేని పని ఇది.

సరుకు ఎక్కడ దొరుకుతుందన్న అనుమానం అక్కరలేదు. రాగులు హిందూపురం, మడకశిర వైపు ఉన్నాయి, ఇప్పుడు అది శ్రీసత్యసాయి జిల్లా అయింది గానీ లారీకి ఆ గీత అడ్డం రాదు. జొన్నలు ఉరవకొండ, విడపనకల్లు నల్లరేగళ్ళలో ఉన్నాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ రైతుల సహకార సంఘాన్ని నిలబెట్టి, సేంద్రియంగా పండించిన చిరుధాన్యాలను శుభ్రం చేసి అమ్మిస్తున్నది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి సూర్యనంది అనే కొర్ర రకం వచ్చింది. మనకు లేనిదల్లా మధ్యలో నిలబడి రోజూ కొని వండేవాళ్ళే, ఆ చోటులో మీరున్నారు.

ఆరోగ్యం పేరుతో అమ్మమని నేను చెప్పను. చెప్పవలసిన నిజం ఒకటుంటే అది చాలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఇంతకు మించి షుగరు తగ్గుతుంది, ఇంకేదో నయమవుతుంది అని గోడకు బోర్డులు వేయకండి. ఎవరికి ఎంత తినాలో వాళ్ళ డాక్టరు చెప్తాడు. మీరు మంచి ముద్ద పెట్టండి, మిగతాది దానంతట అదే జరుగుతుంది.

ధర విషయం. పొట్టు తీసిన కొర్రలు సోనా మసూరి కంటే ఖరీదు, అది నాకు తెలుసు. పది రూపాయలు ఎక్కువ వేసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ "మిల్లెట్ స్పెషల్" అని ఫ్యాన్సీ కార్డు మీద రాసి రెండింతలు వేస్తే, అది మళ్ళీ పెద్దింటి వాళ్ళ తిండే అవుతుంది, కూలికి పోయేవాడికి అందదు. నగరాల్లో ఇదే జరుగుతున్నది. పండించిన మనిషే కొనలేని ధరకు అతని తిండిని మీరైనా అమ్మకండి. మామూలు మీల్స్ ధరకు దగ్గర్లోనే ఉంచండి. పట్టికలో పేర్లు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి, మా పెద్దమ్మ లాంటివాళ్ళు చదువుకుని అడిగేటట్టు.

నూనె గురించి ఒక్క మాట. నూనె మళ్ళీ మళ్ళీ కాగితే పుట్టే టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు వాడిన నూనెలో 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని ఆహార భద్రత సంస్థ నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. బజ్జీల మూకుడు ఎన్ని రోజులు తిరుగుతున్నదో చూసుకోండి. వీలైతే ఒక్క పూటైనా, తిరగమోతకైనా మన గానుగ చెనిక్కాయ నూనె వాడి, వాడుతున్నామని రాసి పెట్టండి. ఆ వాసనకే జనం లోపలికొస్తారు.

మీరు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటే ఇది జరగదు. ఎవరో ఒకరు ముందు మొదలుపెట్టాల. ఏరువాక పున్నమి మంచి రోజు. రైతు నాగలి కట్టే రోజున మీరు ముద్ద కెలికితే బాగుంటుంది. మొదటి నెల వారానికి రెండు రోజులు చేసి చూడండి. నష్టం వస్తే మానేయండి, మిమ్మల్ని ఎవరూ నిందించరు. ఈ ఉత్తరం చదివే అనంతపురం వాళ్ళకు కూడా ఒక మనవి. రేపు హోటల్‌కు పోయినప్పుడు సప్లయర్‌ను గట్టిగా, నవ్వుతూ అడగండి, ముద్ద ఉండాదా అని. లేదంటే రేపు చేయమని చెప్పి రండి. పది బల్లల దగ్గర అదే మాట వినపడితే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని తలెత్తి చూస్తాడు.

మా వీధిలో రొట్టెలు తట్టే అక్కలు ఇద్దరు, ముద్ద కెలకడంలో చేయి తిరిగిన పెద్దమ్మలు ముగ్గురు మీ మాస్టర్లకు నేర్పడానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్ళతో మాట్లాడే ఈ ఉత్తరం రాస్తున్నాను. వాళ్ళు అడిగేది రానుపోను ఆటో ఖర్చు, నేర్పిన రోజుకు కూలి. మధ్యాహ్నం రద్దీ తగ్గిన తర్వాత మూడు గంటలకైతే వాళ్ళకు వీలు. మీలో ఎవరు ముందుకొచ్చినా ఆ రోజు సరుకు, తెడ్డు, పెద్ద గిన్నె మీరు సిద్ధం చేసుకుంటే చాలు.

ఇట్లు,
మీ హోటళ్ళలో ఇంటిల్లిపాదితో భోంచేసే ఒక అనంతపురం ఆడపడుచు